తుపాకికి లైటు కట్టించాలా? మా మాట: లైటు చేతిలోనే ఉండనీయండి



గత ఆదివారం మీటింగు అయిపోయాక కాఫీ తాగుతూ నిలబడినప్పుడు ఒక మాట వచ్చింది. ఆ రాత్రికే అది మన గ్రూపులోకి ఎక్కింది. మెసేజీల మీద మెసేజీలు పడ్డాయిగాని విషయం తేలలేదు. అందుకని ఈ వారం దాని మీదే రాస్తున్నాం. ఎప్పటిలాగే కొంచెం పొడుగు. ఓపిక లేనివాళ్ళు చివరి భాగం చదివితే చాలు, మనం చెయ్యాల్సిన పనులు అక్కడ ఉన్నాయి.

విషయం ఇది. మన సభ్యులలో ఒకాయనకు లైసెన్సు ఉన్న రివాల్వర్ ఉంది. వ్యాపారంలో రోజూ నగదు పట్టుకుని తిరిగే కాలంలో తీసుకున్నది. ఇన్నేళ్ళూ బీరువాలోనే ఉండేది. పక్క క్రాసులో రెండిళ్ళలో దొంగలు పడ్డాక ఆయన దాన్ని తలగడ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంతలో అమెరికాలో ఉన్న అల్లుడు ఒక వీడియో పంపాడు. అందులో పిస్తోలు గొట్టం కింద చిన్న లైటు బిగించి ఉంది. మీట నొక్కితే గది అంతా పగలైపోతోంది. "అన్నా, నాది కూడా ఇట్లా చేయించుకుంటే ఎట్లుంటుంది" అని అడిగాడు. ముగ్గురు "చేయించు" అన్నారు. ఇద్దరైతే "మేమూ లైసెన్సుకు అర్జీ పెడతాం, లైటుతో సహా కొంటాం" అన్నారు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చేయించవద్దు. లైటు కావాలి, తప్పకుండా కావాలి. ఐతే అది తుపాకి మీద కాదు. చేతిలో ఉండాలి, గుమ్మం మీద ఉండాలి, వీధిలో ఉండాలి.

లైటు కట్టాలనేవాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. దొంగ వచ్చేది చీకట్లో. కనపడనిదాన్ని కాల్చకూడదు. కాబట్టి వెలుగు ఉండాల్సిందే. తుపాకిని రెండు చేతులతో పట్టుకుంటేగాని నిలకడ రాదు, లైటు విడిగా పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది. తుపాకికే బిగించి ఉంటే చీకట్లో దాన్ని వెతుక్కునే పని లేదు. పైగా ఆ వెలుగుకు ఎదుటివాడి కళ్ళు చెదురుతాయి. ఇవేవీ అబద్ధాలు కావు. కమాండోలు, పోలీసుల ప్రత్యేక దళాలు అట్లాగే వాడతారు.

కాని వాళ్ళు ఒక ఇంట్లోకి వెళ్ళేటప్పుడు లోపల ఎవరున్నారో వీలైనంత తెలుసుకుని వెళ్తారు. నలుగురైదుగురు కలిసి వెళ్తారు. ఏళ్ళ తరబడి సాధన ఉంటుంది. మన ఇంట్లో రాత్రి రెండు గంటలకు శబ్దం విని లేచేది ఎవరు? అరవై ఆరేళ్ళ మనిషి. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టాడో తెలియదు. బీపీ మాత్ర, నిద్రమాత్ర వేసుకుని పడుకున్నాడు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి డాక్టరు తారీకు ఇచ్చాడు. తమ్ముళ్ళు నవ్వుకోవద్దు, మనలో సగం మంది పరిస్థితి ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. తుపాకి నేర్పే ఏ చోటైనా మొదట చెప్పే పాఠం ఒకటే: కాల్చదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. లైటు గొట్టానికి బిగిస్తే ఏమవుతుంది? లైటు ఎటు తిరిగితే గొట్టం అటే తిరుగుతుంది. ఎవరో చూడాలంటే వాళ్ళకు గురి పెట్టక తప్పదు. అంటే ఆ మొదటి పాఠం మొదటి క్షణంలోనే తప్పిపోతుంది. చూడటం, గురి పెట్టడం రెండు వేర్వేరు పనులు. మధ్యలో ఆలోచన అనేది ఉండాలి. లైటు కట్టించడమంటే ఆ మధ్యలో ఉన్న జాగాను తీసెయ్యడమే.

మన ఇళ్ళలో రాత్రిపూట ఎవరెవరు తిరుగుతారో ఒక్కసారి లెక్క వేసుకోండి. బాత్రూముకు లేచే అమ్మ. ఫ్రిజ్ దగ్గర మనవడు. ఐటీ కంపెనీలో అమెరికా షిఫ్టు చేసి తెల్లవారుజామున మూడు గంటలకు క్యాబు దిగి, మనల్ని లేపడం ఎందుకని చప్పుడు కాకుండా తలుపు తీసుకునే కొడుకు, కోడలు. నాలుగున్నరకు పాలవాడు. ఆ తర్వాత పేపరు అబ్బాయి. నీళ్ళ ట్యాంకరు వచ్చిందని గేటు తీసే వాచ్‌మన్. ఊరినుంచి రాత్రి బస్సుకు వచ్చి, ఫోను చార్జి అయిపోయి, వెనక తలుపు తట్టే తమ్ముడి కొడుకు. ఇంతమందిలో దొంగ ఎన్నేళ్ళకొకసారి వస్తాడు? తుపాకి మీద ఉన్న లైటు మాత్రం వీళ్ళందరి ముఖాల మీదా పడుతుంది, గొట్టంతో సహా.

తుపాకికి లైటు కట్టడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. హోసూరు, డెంకణికోట, జవళగిరి, అంచెట్టి వైపునుంచి వచ్చినవాళ్ళకు కెన్నెత్ ఆండర్సన్ పేరు తెలిసే ఉంటుంది. 1910 లో సికింద్రాబాదు పక్కన బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో స్థిరపడి, 1974 లో ఇక్కడే పోయిన వేటగాడు. మన ఊళ్ళ అడవులలో మనుషుల్ని తినే చిరుతలను, పులులను వేటాడి పుస్తకాలు రాశాడు. రాత్రి మంచె మీద కూర్చునేటప్పుడు ఆయన తుపాకికి టార్చి బిగించుకునేవాడు. ఆయనకు ముందు జిమ్ కార్బెట్ కూడా అంతే. రుద్రప్రయాగలో 125 మందిని తిన్న చిరుతను ఆయన 1926 మే 2 రాత్రి కాల్చింది తుపాకికి బిగించిన టార్చి వెలుగులోనే. అక్కడ కూడా ఒక చిత్రం జరిగింది. ట్రిగ్గర్ నొక్కడమూ, టార్చి ఆరిపోవడమూ ఒక్కసారే అయ్యాయి. గుండు తగిలిందో లేదో తెలియక ఆయన చీకట్లో చెట్టు మీదే కూర్చోవాల్సి వచ్చింది.

ఆ వేటగాళ్ళకు అది సరిపోయిందంటే కారణం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ భయంతో తలుపులు బిగించుకుని ఉండేవి. చెట్టు కింద మేకను కట్టి వీళ్ళు పైన కూర్చునేవాళ్ళు. ఆ మేక దగ్గరికి ఆ వేళప్పుడు వచ్చేది మనిషి కాదు. ఏది వస్తుందో వాళ్ళకు ముందే తెలుసు, ఎప్పుడు వస్తుందో మాత్రం తెలియదు. మన ఇంట్లో ఇది తిరగబడి ఉంటుంది. చప్పుడు ఎప్పుడు అయిందో మనకు తెలుసు. చేసింది ఎవరో తెలియదు. అడవికి పనికివచ్చిన ఏర్పాటు హాల్లోకి ఎట్లా పనికివస్తుంది?

మేము చదివింది తమిళ మీడియంలో. తెలుగు మాకు ఇంటి భాష, అక్షరాలు తర్వాత నేర్చుకున్నవి. తమిళంలో "తెరియుదు" అని ఒక మాట ఉంది. కనపడుతోంది అన్నా అదే, తెలుస్తోంది అన్నా అదే. తెలుగులో మనకు రెండు మాటలు ఉన్నాయి: కనపడటం వేరు, తెలియడం వేరు. ఈ చర్చలో మన తెలుగే సరైన దారి చూపిస్తోంది అనుకుంటాం. లైటు వేస్తే మనిషి కనపడతాడు. ఎవరో తెలియాలంటే "ఎవరది?" అని అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆ రెండు మూడు క్షణాలలో గొట్టం ఆ మనిషి గుండె మీద ఉండాలా, నేల వైపు ఉండాలా? మా ప్రశ్న అంతే.

అడగకపోతే ఏమవుతుందో లోకమంతా చూసింది. దక్షిణాఫ్రికా పరుగు వీరుడు ఆస్కార్ పిస్టోరియస్ 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున ప్రిటోరియాలో తన ఇంట్లో, మూసి ఉన్న టాయిలెట్ తలుపు గుండా నాలుగుసార్లు కాల్చాడు. లోపల ఉన్నది ఆయన స్నేహితురాలు రీవా స్టీన్‌క్యాంప్. ఆమె చనిపోయింది. దొంగ అనుకున్నాను అన్నది ఆయన వాదన. కింది కోర్టు హత్య కాదంది. 2015 లో పై కోర్టు హత్యే అంది. తలుపు వెనక ఎవరున్నా సరే, ఆ ఇరుకు గదిలోకి కాలిస్తే ప్రాణం పోతుందని ఆయనకు తెలిసే ఉండాలి అని ఆ తీర్పు సారం. ఆయన మాటే నిజం అనుకుందాం. అప్పుడు లోపం ఎక్కడ ఉంది? చేతిలో తుపాకి ఉంది. తలుపు అవతల ఎవరో తెలుసుకోలేదు. ఎంత పెద్ద లైటు కట్టినా తలుపు అవతల కనపడదు. పక్క మంచం మీద మనిషి ఉందా లేదా అని చెయ్యి చాపి తడిమితే చాలు.

రెండో విషయం మీట గురించి. ఈ లైట్ల మీట ట్రిగ్గర్‌కు చాలా దగ్గరలో ఉంటుంది. కంగారులో వేళ్ళు మన మాట వినవు. ఒక వేలు నొక్కబోతే పక్క వేలు కూడా బిగుసుకుంటుంది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ప్లేనో పట్టణంలో 2010 లో సరిగ్గా ఇదే జరిగింది. లైటు మీట నొక్కబోయి ట్రిగ్గర్ నొక్కానని ఆ పోలీసు చెప్పాడు. ఎదురుగా ఉన్న మనిషి చనిపోయాడు. శిక్షణ పొందిన పోలీసుకే ఇట్లా అయితే, వేళ్ళకు తిమ్మిరి, కీళ్ళనొప్పి ఉన్న మన సంగతి ఏమిటి?

మూడోది మన ఇళ్ళ గోడలు. తెల్ల సున్నం గోడ, బీరువా అద్దం, పాలిష్ పట్టిన గ్రానైటు. మంచి ఎల్‌ఈడీ లైటు పది అడుగుల గదిలో ఎదురుగా కొడితే వెలుగు తిరిగి మన కళ్ళలోకే వస్తుంది. శుక్లాలు ముదురుతున్న కంటికి అది మరీ కష్టం. చేతిలో ఉన్న బ్యాటరీ లైటును మీరు పైకప్పు వైపు తిప్పవచ్చు, గది అంతా మెత్తగా వెలుగు పరుచుకుంటుంది. తుపాకిని పైకప్పు వైపు తిప్పితే పై అంతస్తులో అద్దెకున్నవాళ్ళు ఉంటారు.

నాలుగోది చట్టం. గ్రూపులో ఒకరు "రాత్రి ఇంట్లో దూరినవాణ్ణి కాల్చినా తప్పు లేదు" అని రాశారు. సగం మాత్రమే నిజం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. 41వ సెక్షన్లో సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి దూరడం అనే మాట ఉన్నది నిజమే. కాని అదే హక్కుకు 37వ సెక్షన్ కట్టుబాట్లు పెట్టింది. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చెయ్యకూడదు. పోలీసుల సహాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కే లేదు. రేపు కోర్టులో అడిగే మొదటి ప్రశ్న "నువ్వు ఏమి చూశావు, ఏమి అడిగావు" అని. "లైటు వేశాను, గురి దానంతటదే కుదిరింది" అంటే అది జవాబు కాదు.

ఆయుధాల చట్టం కూడా చూడండి. మన దగ్గర లైసెన్సు మీద ఉన్నవి ఎక్కువగా ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో చేసిన 32 బోరు రివాల్వర్లు. అల్లుడు పంపిన వీడియోలోని పిస్తోలుకు గొట్టం కింద లైటు బిగించే గాడి ఉంది, మన పాత రివాల్వర్లకు అది ఉండదు. ఇక మిగిలింది ఎవరిదో లేత్ షాపుకు తీసుకుపోయి రంధ్రం వేయించడం, క్లాంపు కొట్టించడం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకిని మార్చడానికి, రిపేరు చెయ్యడానికి కూడా లైసెన్సు ఉండాలి. లేత్ షాపు కుర్రాడికి ఆ లైసెన్సు ఉండదు. ఇరవై ఏళ్ళు జాగ్రత్తగా కాపాడుకున్న లైసెన్సుకు, రెండు వేల రూపాయల లైటు కోసం ఎసరు పెట్టుకోవడం ఏమి తెలివి?

కొత్తగా అర్జీ పెడతామన్న ఇద్దరికీ ఒక మాట. బెంగుళూరులో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్. 2016 రూల్స్ ప్రకారం ఆయుధం వాడకంలో శిక్షణ ఉండాలి, ఇంట్లో భద్రంగా పెట్టే ఏర్పాటు చూపించాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది, దానితోపాటు నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని కొత్తగా చేర్చారు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తుపాకిని స్టేషన్లో అప్పగించమని పిలుపు రావచ్చు. అప్పుడు రివాల్వర్ వెళ్ళిపోతుంది, దాని లైటు దానితోనే వెళ్ళిపోతుంది. ఇంట్లో మిగిలేది మామూలు బ్యాటరీ లైటే.

ఇంకొక మాట. మన వీధిలో పోయిన రెండిళ్ళూ తాళం వేసిన ఇళ్ళే. ఒకరు తిరుపతి వెళ్ళారు, ఒకరు ఊళ్ళో పెళ్ళికి వెళ్ళారు. ఇంట్లో మనిషే లేనప్పుడు తుపాకి ఎవరిని కాపాడుతుంది? బీరువా పగలగొట్టినవాడికి బంగారంతోపాటు తుపాకి కూడా దొరుకుతుంది. ఆ తర్వాత దానితో ఏమి జరిగినా స్టేషన్‌కు పిలిచేది మన పేరునే. దొంగ లేకపోయినా ప్రమాదం ఉంటుంది. హిందీ నటుడు గోవింద 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబైలో ఇంటి నుంచి ప్రయాణానికి బయలుదేరబోతూ, లైసెన్సు ఉన్న తన రివాల్వర్ పేలి కాలికి గుండు తగిలి ఆస్పత్రి పాలయ్యాడు. అక్కడ దొంగా లేడు, గొడవా లేదు. గుండు నిండిన తుపాకి మాత్రం ఉంది.

ఇప్పుడు మాకు బాగా తెలిసిన రైల్వే సంగతి చెప్తాం. మేము గుమాస్తాలం, తుపాకి పట్టినవాళ్ళం కాదు. కాని జీతాలు చేతికి నగదుగా ఇచ్చే కాలంలో పే క్లర్కుతోపాటు లైను వెంట వెళ్ళిన రోజులున్నాయి. డబ్బు పెట్టె, దానికి కాపలాగా ఆర్పీఎఫ్ వాళ్ళు, వాళ్ళ చేతుల్లో తుపాకులు. బంగారపేట వైపు ఒక చిన్న స్టేషన్లో ఒకసారి బాగా పొద్దుపోయింది, కరెంటు లేదు. ప్లాట్‌ఫారం చివర నుంచి కంబళి కప్పుకున్న ఒక ఆకారం సూటిగా పెట్టె వైపు వస్తోంది. హ్యాండ్ ల్యాంపు పట్టుకున్నది మా ఖలాసి. అతను ల్యాంపు ఎత్తి "ఎవరప్పా" అని అరిచాడు. ఆర్పీఎఫ్ హెడ్ కానిస్టేబుల్ తుపాకి భుజం మీద నుంచి దిగింది గాని గొట్టం నేల వైపే ఉంది. "గ్యాంగ్‌మన్ సామీ, జ్వరంతో పగలు రాలేకపోతిని, నా జీతం" అని జవాబు వచ్చింది. వణుకుతున్న మనిషి. వేలిముద్ర వేయించుకుని జీతం ఇచ్చాం.

ఆ రాత్రి ల్యాంపు, తుపాకి ఒక్క చేతిలోనే ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఏమీ కాకపోవచ్చు. అయినా దీపం పట్టినవాడు వేరు, తుపాకి పట్టినవాడు వేరు అనే ఆ అలవాటు మంచిదని మాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. దీపం ప్రశ్న అడుగుతుంది. తుపాకి చిట్టచివరి జవాబు. రెండూ ఒకే మీట దగ్గర పెట్టకూడదు.

రైల్వేలో పని చేసినవాళ్ళందరికీ తెలిసిన ఇంకొక రూలు ఉంది. సిగ్నల్‌లో దీపం వెలగకపోతే డ్రైవరు దాన్ని ఏమని అనుకోవాలి? "ఏమీ లేదులే, పోదాం" అనుకోకూడదు. వెలగని సిగ్నల్ అంటే ఎర్ర సిగ్నల్ అన్నట్టే లెక్క. సందేహం ఉంటే ఆగు. ఎన్ని లక్షల మంది ప్రయాణికులు ఈ ఒక్క రూలు మీద రాత్రంతా నిశ్చింతగా నిద్రపోతున్నారో ఆలోచించండి. మన ఇంటికీ ఇదే రూలు పెట్టుకుందాం. ఎవరో తెలియలేదా, ఆగు. తలుపు వేసుకో. ఫోను చెయ్యి.

"అన్నా, మా ఫామ్‌హౌస్ తళి రోడ్డులో ఒంటరిగా ఉంది, మాకెవరు దిక్కు" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన మాటే. పోలీసు వాహనం రావడానికి అక్కడ ఆలస్యం కావచ్చు. వారికీ మా జవాబు ఇదే: ఒంటరి ఇంటికి వెలుగు రెండింతలు కావాలి, బయట కావాలి. మనిషి కదిలితే తనంతట తాను వెలిగే లైట్లు నాలుగు మూలలా పెట్టించండి. వచ్చినవాడు వెలుగులో ఉంటాడు, మీరు చీకట్లో ఉంటారు. తుపాకికి కట్టిన లైటుతో ఇది తిరగబడుతుంది. మీట నొక్కిన క్షణంలో మీరు ఎక్కడ నిలబడ్డారో మొత్తం తోటకు తెలిసిపోతుంది.

మన బెంగుళూరుకు వెలుగు విషయంలో ఒక గౌరవం ఉంది. శివనసముద్రం కరెంటు 1902 లో ముందు కోలారు బంగారు గనులకు వెళ్ళింది, మన తెలుగువాళ్ళు, తమిళులు ఎందరో పని చేసిన గనులు. తర్వాత 1905 ఆగస్టు 5 న సిటీ మార్కెట్ దగ్గర వీధిదీపాలు వెలిగాయి. ఆసియాలోనే కరెంటు వీధిదీపాలు వచ్చిన మొదటి ఊరు ఇదని చెప్పుకుంటాం. ఆనాటివాళ్ళు వెలుగును వీధికి ఇచ్చారు, అందరికీ ఇచ్చారు. 120 ఏళ్ళ తర్వాత మనం దాన్ని ఒక్కొక్కరి తుపాకి కొనకు చేరుస్తామంటే ఎట్లా? పక్క క్రాసులో మూడు దీపాలు ఎన్నాళ్ళుగా వెలగడం లేదో అందరం చూస్తూనే ఉన్నాం. దొంగలు పడింది ఆ క్రాసులోనే.

అందుకని సంఘం ముందు ఈ పనులు పెడుతున్నాం.

1. వెలగని వీధిదీపాల స్తంభాల నంబర్లు రాసుకుని కార్పొరేషన్‌కు సంఘం లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు ఇద్దాం. అర్జీ మేము రాస్తాం, గుమాస్తా పని మాకు చేతనైనదే. ప్రతి నెలా మొదటి ఆదివారం ఇద్దరు సభ్యులు రాత్రి నడిచి చూసి రావాలి.

2. ప్రతి ఇంటి గేటు దగ్గర, వెనక తలుపు దగ్గర మనిషి కదిలితే వెలిగే లైటు. ఇరవై ముప్ఫై ఇళ్ళు కలిసి కొంటే ధర తగ్గుతుంది. ఎస్‌పీ రోడ్డులో విచారించే బాధ్యత యువజన విభాగం తీసుకోవాలి.

3. ప్రతి మంచం పక్కన చార్జింగ్ బ్యాటరీ లైటు ఒకటి, దాని పక్కనే కళ్ళద్దాలు, ఫోను. ఆదివారం ఆదివారం చార్జింగు చూసుకోవాలి.

4. రాత్రి ఆలస్యంగా వచ్చే పిల్లలు క్యాబులోంచే ఒక మెసేజు పెట్టాలి. లోపలికి రాగానే "అమ్మా, నేనే" అని గట్టిగా అనాలి. నిద్ర చెడుతుందని మొహమాటం వద్దు. నిద్ర మళ్ళీ వస్తుంది.

5. చప్పుడు వినపడితే బయటికి వెతకడానికి పోవద్దు. ఇంట్లో అందరినీ ఒక గదిలోకి చేర్చి, గడియ పెట్టి, 112 కు ఫోను చెయ్యండి. హొయ్సళ వాహనం వస్తుంది. ఆ వెంటనే మన గ్రూపులో ఒక్క మాట పెడితే చుట్టుపక్కల ఇళ్ళలో లైట్లు వెలగాలి. పది ఇళ్ళలో ఒకేసారి లైట్లు వెలిగితే దొంగకు అంతకు మించిన భయం లేదు.

6. ఊరికి వెళ్ళేటప్పుడు పక్కింటివారికి చెప్పి వెళ్ళండి. లైసెన్సు ఆయుధం ఉన్నవారు పెళ్ళికో, యాత్రకో వెళ్ళే ముందు దాన్ని లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో, స్టేషన్లోనో భద్రపరిచే సంగతి అడిగి తెలుసుకోండి.

ఇక రివాల్వర్ ఉన్న తమ్ముడికి పెద్దవాళ్ళుగా మా మాట. దాన్ని అమ్మెయ్యి, ఇచ్చెయ్యి అని మేము అనడం లేదు. లైసెన్సు నీది, భయం నీది, కుటుంబం నీది. తలగడ దగ్గర నుంచి మాత్రం తీసి స్టీలు లాకరులో పెట్టు. మనవడికి ఏడేళ్ళు, వాడి చెయ్యి తలగడ కిందికి పోవడానికి ఎంతసేపు? దాన్ని తీయాల్సిన అవసరం ఎన్నడైనా వస్తే, లాకరు తెరిచే ఆ అర నిమిషం కూడా ఆలోచించుకునే సమయమే అవుతుంది. లైటు ఎడమ చేతిలో ఉండనీ. ముందు వెలుగు, తర్వాత "ఎవరది" అనే మాట. ఆ మాటకు "నాన్నా, నేనే" అని జవాబు రాదని నీకు పూర్తిగా తెలిసేదాకా కుడి చెయ్యి కిందికే ఉండాలి.

వచ్చే మీటింగులో ఈ ఆరు పనుల మీద తీర్మానం పెడదాం. దీనికి ఒప్పుకోనివాళ్ళు ఉంటారని తెలుసు. ముఖ్యంగా మిలిటరీలో పని చేసి వచ్చిన మన ఇద్దరు సభ్యులు దీని మీద ఏమంటారో వినాలని ఉంది. వాళ్ళకు తెలిసినది మాకు తెలియదు. కింద రాయండి, లేదా సాయంత్రం పార్కు దగ్గరికి రండి, మాట్లాడుకుందాం. స్తంభాల నంబర్లు రాసుకోవడానికి ఈ శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు మేము బయలుదేరుతున్నాం. వచ్చేవాళ్ళు ఒక బ్యాటరీ లైటు తెచ్చుకోండి.